మెట్ల మీద సైకిల్ తొక్కిందెవరు

పంచర్ల తాతకు సంతోషం పట్టనలవి కావడం లేదు. వినండి, విని మీరే తిట్టండి. చిన్ననాటి స్నేహితుడు పోయి నిండా రెండు నెలలు కాలేదు, ఈయనగారేమో కొట్లో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు చూస్తూ ఈల వేస్తున్నాడు!

సంగతేమిటంటే, ఒకప్పుడు చింపిరి, లొడలొడ, పొట్టోడు అనే ముగ్గురు పిల్లకాయలు కాంపౌండరు సైకిల్ కొట్టేసి, ఆస్పత్రి మెట్ల మీదుగా దాన్ని కిందికి దించారు. సీటు మీద ఒకడు, ముందు కడ్డీ మీద ఒకడు, వెనక క్యారియర్ మీద ఒకడు. "పడితే పడదాంరా, కట్లు కట్టేవాళ్లు ఇక్కడే ఉన్నారు" అన్నాడు లొడలొడ. పడ్డారు. కాంపౌండరు ముందు చెవులు మెలేసి, ఆ తర్వాతే దూది తెచ్చాడు. ఇంతవరకూ పేచీ లేదు. పేచీ అంతా సీటు మీద ఎవడున్నాడన్నదే. అయినా మెట్ల మీద తొక్కేదేముంది, దానంతటదే దొర్లుతుంది గానీ, ఆ మాట వాళ్లతో అనగలిగేదెవరు?

చింపిరి లారీ డ్రైవరయ్యాడు. లొడలొడ పోస్టాఫీసులో చేరాడు. పొట్టోడు, అంటే మన తాత, ఈ కొట్టు పెట్టుకున్నాడు. పెళ్లిళ్లయ్యాయి, జుట్లు నెరిశాయి, పళ్లూడాయి. సీటు మాత్రం ఎవడూ దిగలేదు. కలిసినప్పుడల్లా నేనంటే నేనని కొట్టుకు చచ్చేవారు.

చింపిరి ఎప్పుడో పోయాడు. ఇప్పుడు లొడలొడ కూడా పోయేసరికి తాత చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత ఒకనాడు పంపు కొడుతూ కొడుతూ ఠక్కున ఆగిపోయాడు.

"ఓరినీ! ఇక కాదనేవాడే లేడు కదా!"

ఇంకేం, ఆడింది ఆట, పాడింది పాట. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాడికల్లా ఇదే కథ. రోజురోజుకూ మెట్లు పెరిగాయి. "చేతులు వదిలేసి తొక్కాను" అంటే పాలవాడు "ఓహో" అన్నాడు. "కళ్లు కూడా మూసుకున్నాను" అంటే, "ఓహో. వెనక చక్రానికి గాలి సరిపోయిందా తాతా?" అన్నాడు.

తాతకు నీరసం ముంచుకొచ్చింది. నోర్ముయ్‌రా అనేవాడు లేకపోతే ఈ కథకు ఉప్పూ కారం లేవని తెలిసొచ్చింది. అన్నం ముందు కూర్చుని, చింపిరి గొంతు పెట్టి తనను తానే తిట్టుకుని చూశాడు. "ఎవరితోనయ్యా ఆ మాటలు?" అని భార్య కంగారుపడింది. తన చక్కిలిగింత తాను పెట్టుకుంటే నవ్వొస్తుందా? మిత్రులు పోయింది పోగా, ఆ పోట్లాట కూడా పోయిందని దిగులు పట్టుకుంది. ఈల మానేశాడు.

అలా ఉండగా లొడలొడ భార్య, మనవరాలి సైకిల్ నడిపించుకుంటూ పంచర్‌కి వచ్చింది. తాత ట్యూబు లాగుతూ, అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"నీకు తెలుసుగా చెల్లెమ్మా, ఆ రోజు సీటు మీద నేను..."

"ఆపన్నయ్యా!" అని గయ్యిమంది ఆమె. "మనిషి లేడు కదాని ఎంత మాటైనా అనేస్తావా? సీటు మీదున్నది ఆయన! నువ్వు వెనక కూర్చుని, భయంతో ఆయన చొక్కా పట్టుకు చింపావు. ఆ చిరుగు కుట్టింది మా అత్తగారు!"

తాత చేతిలో ట్యూబు తొట్టిలో పడింది.

"ఏమన్నావ్?"

"చింపావన్నాను. అమ్మా అని ఏడ్చావట కూడాను."

"నేనా? ఏడ్చిందెవరు? కడ్డీ మీద కూర్చుని గంట కొట్టడం తప్ప ఏం చేశాడమ్మా వాడు?"

"ఆ సైకిల్‌కి గంటే లేదట!"

"ఉంది!"

"లేదు!"

దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. తాత ముఖం వెలిగిపోతోంది, కళ్లు కారిపోతున్నాయి. వాడి అబద్ధం అక్షరం పొల్లు పోకుండా వాడింట్లో బతికే ఉంది! ఇన్నాళ్లకు మళ్లీ ఎదురు తగిలాడు దొంగ వెధవ!

"ఆయనే ఉంటే నీ పని పట్టేవాడు" అంటూ, పంచర్ వేయించుకోకుండానే ఆమె సైకిల్ హ్యాండిల్ అందుకుంది.

తాత గబగబా స్టూలు తెచ్చి, తువ్వాలుతో దుమ్ము దులిపి, ఆమె ముందు వేశాడు.

"వెళ్లకమ్మా, నీకు పుణ్యముంటుంది. నన్ను ఇంకా ఏమేమనేవాడో అన్నీ చెప్పు. కూర్చుని తిట్టు."