గుహలో గ్యాసు లైటు

నక్షత్రాల కడుపులో ఏం మండుతుందో మా ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. చదువు పదో తరగతితో ఆగిపోయినా, అరకు శాఖా గ్రంథాలయంలో విజ్ఞానశాస్త్రం బీరువా మొత్తం చదివేసినవాణ్ణి. కాఫీ పళ్ళు కోసేటప్పుడు ఎవరైనా పక్క వరసలో దొరికితే, హైడ్రోజన్ హీలియంగా ఎలా మారుతుందో చెప్పకుండా వదిలేవాణ్ణి కాదు. అందుకే నా పక్క వరస ఎప్పుడూ ఖాళీగా ఉండేది.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం, మైదానంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధక విద్యార్థిని మా ఊరొచ్చింది. వాళ్ళ ప్రయోగశాలలో యాక్సిలరేటర్ ఉందట. ప్రోటాన్లను మహా వేగంతో ఒక పల్చటి రేకు మీదికి కొట్టి, నక్షత్రాల్లో జరిగేదాన్ని అక్కడ చేసి చూస్తారు. కేంద్రకాలు కలవడం ఎప్పుడో గాని జరగదు. కలిసినప్పుడు ఒక కిరణం బయటికొస్తుంది. ఆకాశం నుంచీ గోడల నుంచీ ఎప్పుడూ వచ్చిపడే కిరణాల గోలలో దాన్ని పట్టుకోవడమంటే, సంతలో ఎవరో గుసగుసలాడితే వినడం లాంటిది. కొండ లోపల ఆ గోల తగ్గుతుందని ఆమె వాదన. మా ఊరి పైనున్న గుహలో నిజంగా తక్కువేనని అంకెల్లో చూపిస్తేనే ఆమె ప్రయోగానికి అనుమతి. లేకపోతే వేరే అంశం వెతుక్కోమని ప్రొఫెసరు చెప్పేశారు.

ఇదంతా ఆమె చెబుతుంటే సగం వాక్యాలు నేనే పూర్తి చేశాను. ఆపడం చేతకాకేమో, నన్ను సహాయకుడిగా పెట్టుకుంది.

సామాను జీపు దిగింది. అందులో సీసం ఇటుకలున్నాయి. ఊరి పెద్ద, నాకు మావ వరస, ఒకటి ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టేశాడు.

“ఓలమ్మో! సిన్న ఇటుకే గదా అనుకుంటే రోలు బరువుంది. ఏ ఇల్లు కడతాదిరా అల్లుడూ ఈ పట్నం గుంట?”

“ఇల్లు కాదు మావా. బయటి కిరణాలు రాకుండా గూడు కడతాది.”

“గూట్లో ఏటెడతాది?”

“ఒక స్ఫటికం. ఏటొచ్చినా లెక్కెడతాది.”

“ఏటొత్తాది?”

“ఏదీ రాకూడదు మావా. అదే కావాల.”

మావ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “ఏదీ రానిదానికి ఇన్ని ఇటుకలు మోయిత్తన్నావా?”

అయినా మనుషుల్ని పిలిచాడు. కావళ్ళ మీద ఇటుకలు కొండెక్కాయి. నాలుగు పక్కలా గూడు కట్టేసరికి అవి అయిపోయాయి. పైకప్పు లేకుండానే ఆమె స్ఫటికాన్ని లోపల నిలబెట్టింది.

చుట్టం చీకట్లో కూర్చుంటే మా దగ్గర ఊరంతటికీ తలవంపు. పెళ్ళిళ్ళకీ పండగలకీ వెలిగించే గ్యాసు లైటు ఊరికొకటే ఉంది. మావ దాన్ని స్వయంగా మోసుకొచ్చి, కిరసనాయిలు పోసి, పంపు కొట్టి, తెల్లగా వెలిగించి, సరిగ్గా గూటి నడినెత్తిన రాతి కొమ్ముకి వేలాడదీశాడు.

“వద్దు తాతగారూ, నా దగ్గర టార్చి ఉంది.”

“టార్చి దొంగలకమ్మా. నువ్వు సుట్టానివి.”

లెక్క మొదలైంది. సాయంత్రానికి అంకె చూసి ఆమె మొహం వాడిపోయింది. ప్రయోగశాలలో కంటే గుహలోనే ఎక్కువ. మర్నాడూ అంతే.

నేను నా గ్రంథాలయాన్ని విప్పాను. రాతిలో యురేనియం ఉందన్నాను. సూర్యుడిలో పేలుళ్ళు కావచ్చన్నాను. చివరికి, భూమిని కూడా దూసుకుపోయే న్యూట్రినోల దగ్గరికొచ్చాను.

“న్యూట్రినోలు దీనికి దొరకవండీ.”

“ఒకవేళ దొరికితే?”

“దొరికితే నా గురించి మీరు పుస్తకాల్లో చదువుతారు. ముందు నాకు పట్టా రానివ్వండి.”

లైటు వేడికి స్ఫటికం తప్పు లెక్క పెడుతోందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. మావ లైటు ఆర్పాడు గాని దించలేదు. “ఆర్పమన్నావు, ఆర్పినాను. దించేత్తే ఊరికి పరువేటుంటాది?” అన్నాడు. అంకె మారలేదు. ఆమె పుస్తకాలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

సంత రోజున మావ పంపు వాషరు మార్పించడానికి లైటు పట్టుకుపోయాడు. మధ్యాహ్నానికి అంకె పడిపోయింది. ఆమె కాగితం పట్టుకుని గుహంతా తిరిగింది. నేను చంద్రుడి ఆకర్షణ గురించి వివరించడం మొదలుపెట్టాను. ఇంతలో మావ తిరిగొచ్చి లైటు యథాస్థానంలో తగిలించాడు. అంకె మళ్ళీ లేచింది.

ఇద్దరం ఒకేసారి పైకి చూశాం.

మేంటిల్! లైటులో మండే ఆ తెల్లటి గుడ్డ సంచిని థోరియం ఉప్పులో ముంచి తయారుచేస్తారు. వెలిగినా ఆరినా థోరియం కిరణాలిస్తూనే ఉంటుంది. ఈ సంగతి గ్రంథాలయంలో రెండుసార్లు చదివాను. “థోరియం!” అని నేను గుహ మార్మోగేలా అరిచేసరికి, ఆమె అప్పటికే లైటుతో గుహ బయట ఉంది.

మావకి చెప్పడం నా వంతైంది.

“నీ లైటు కిరణాలిత్తంది మావా.”

“నాకేటైనా అవుద్దా?”

“అంత తక్కువకి భయం లేదు తాతగారూ,” అందామె.

“తక్కువైతే నీ పనెందుకు సెడింది?”

“నా గూటికి చెవులు మరీ పదునండీ.”

మావ ఆమె చేతిలోంచి లైటు తీసుకున్నాడు. “సరే, లైటొద్దు. అలాగని సుట్టాన్ని ఒక్కదాన్నే సీకట్లో ఒగ్గెయ్యలేం. మేమంతా వచ్చి గూటి సుట్టూ కూకుంటాం.”

నేను ఊరుకోవలసింది. “మన ఒంట్లోనూ పొటాషియం ఉంటాది మావా. మనమూ కిరణాలిత్తాం.”

“నేనా?”

“నువ్వూ.”

“ఇన్నేళ్ళు కాపరం సేసింది మీ అత్త. ఎన్ని తిట్టినా ఈ మాట మాత్రం అన్లేదురా!”

చివరికి ఊరివాళ్ళంతా గుహ బయట రాళ్ళ మీద కూర్చున్నారు. చుట్టానికి తోడున్నామని తెలిసేలా గట్టిగా కబుర్లు చెప్పుకున్నారు. కబుర్లు స్ఫటికానికి వినపడవు కాబట్టి ఫర్వాలేదంది ఆమె.

మర్నాడు సాయంత్రం ఆమె కాగితం పట్టుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు.

“తాతగారూ! మా దగ్గరకంటే చాలా తక్కువొచ్చింది. చాలా చాలా తక్కువ!”

రాళ్ళ మీది కబుర్లు ఆగిపోయాయి. అందరూ తలలు దించుకున్నారు. మావ లేచి వెళ్ళి ఆమె తల మీద చెయ్యి వేశాడు.

“ఏడవకమ్మా. వచ్చే యేడు వానలు బాగా పడితే ఎక్కువొత్తాదిలే.”