చలి వేస్తోందని చెప్పడం

చలికాలంలో ఇక్కడి సముద్రం తేటగా ఉంటుంది. వేసవిలో నీటికి పచ్చరంగు తెచ్చే నాచు అప్పుడు ఉండదు కాబట్టి లోపల చాలా దూరం కనిపిస్తుంది. ఐర్లండ్‌లోని కార్క్ నగరానికి పడమటి దిక్కున ఉన్న చిన్న రేవులో మా డైవింగ్ క్లబ్ జనవరిలో కూడా దిగేది అందుకే. చలి సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

నేను మందుల ఫ్యాక్టరీలో యంత్రాలను పరీక్షించే ఉద్యోగం చేస్తాను. దేనికైనా నాకు ఒక వరుస ఉండాలి. ముందు సిలిండర్‌లో గాలి, తర్వాత నడుముకు బరువులు, తర్వాత పట్టీలు, చివర మాస్క్. జనవరిలో ఒక ఆదివారం నీళ్లలో నాకు జోడీ మెయ్‌నూత్‌లో మాస్టర్స్ చదివే స్నేహితుడు. ముందు రోజే బాలింకాలిగ్‌లోని మా ఇంటికి వచ్చి పడుకున్నాడు. వేసవిలో కొన్నిసార్లు దిగాడు గాని, చలికాలంలో దిగడం వాడికి అదే మొదలు.

నేను వాడి పట్టీలు లాగి చూస్తుంటే నవ్వాడు. "ఏంట్రా మావా, పెళ్లికొడుకుని ముస్తాబు చేసినట్టు!"

"కదలకు. పెళ్లికొడుకు ఇంత బరువు మోయడు."

"మా బావని చూళ్లేదు నువ్వు. దండలకే వంగిపోయాడు."

క్లబ్‌లో పెద్దాయన, రిటైరైన ఐరిష్ బడిపంతులు, ఒడ్డున బల్ల మీద కూర్చుని మమ్మల్ని కనిపెట్టుకుని ఉన్నాడు. మేం దిగాం.

కింద ఇసుక మీద ఒక చిన్న సొరచేప నిద్రపోతున్నట్టు పడుకుని ఉంది. దాన్ని చూపించి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాను. బాగానే ఉన్నావా అని అడగడం అది. వాడూ సున్నా చుట్టాడు. ఇంకాస్త ముందుకు వెళ్లాక మళ్లీ అడిగాను. ఈసారి వాడి వేళ్ల కొసలు కలవలేదు. మాస్క్ వెనక కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

నీళ్లు లోపలికి రాకుండా మేం తొడుక్కునే డ్రై సూట్‌లో కొంత గాలి ఉంటుంది. పైకి వచ్చేకొద్దీ అది ఉబ్బుతుంది కాబట్టి వేళ్లతో బిళ్ల నొక్కి వదిలేస్తూ రావాలి. వేళ్లు మొద్దుబారితే మనిషి బుడగలా పైకి తన్నుకుపోతాడు. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే ఇంకేం ఆలోచించకుండా, పైకి వెళ్దామని బొటనవేలు ఎత్తి చూపించాను. వాడు తల అడ్డంగా ఊపి, ముందున్న బండల వైపు చూపించాడు. నేను మళ్లీ వేలెత్తి, వాడి పట్టీ పట్టుకున్నాను. వాడి సూట్‌లో గాలి నేనే వదులుతూ, మెల్లగా, మధ్యలో ఆగుతూ పైకి తెచ్చాను.

ఒడ్డున సూట్ విప్పితే కుడి చేతిలోంచి నీళ్లు కారాయి. మణికట్టు దగ్గరి రబ్బరు చిరిగి ఉంది.

"ఎప్పట్నించి?" అన్నాను.

"దిగంగానే."

"మరి ఓకే, ఓకే అన్నావేంట్రా?"

పళ్లు టకటకలాడుతుంటే చెప్పాడు. "వారం రోజుల్నించీ నువ్వు దీని గురించే మాట్లాడుతున్నావు కదా. నా మూలంగా చెడిపోతుందేమోనని…"

"భోజనానికి పిలిస్తే వచ్చావా, మొహమాటపడ్డానికి?"

పెద్దాయన వాడికి దుప్పటి కప్పి, ఏమంటున్నాడని నన్ను అడిగాడు. మొహమాటానికి ఇంగ్లీషు మాట దొరక్క, జరిగిందంతా చెప్పాల్సి వచ్చింది. ఆయన శ్రద్ధగా విని, తమ పద్ధతి చెప్పాడు. ఎవరైనా, ఎప్పుడైనా దిగనని చెప్పొచ్చు, మధ్యలోనైనా ఆపొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. ఎవరూ అడగరు.

"అసలు అడగరా?" వాడు నా వైపు తిరిగాడు. "మనోళ్లు కారణం చెప్పినా ఇంకోసారి అడుగుతారు కదరా!"

తర్వాతి నెల వాడు మళ్లీ వచ్చాడు. అద్దె సూట్, కొత్త రబ్బరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. సూట్ తొడుక్కుని చాలాసేపు నీళ్లవైపు చూశాడు.

"మావా, ఇవాళ నేను దిగను."

నిద్ర పట్టలేదా, టిఫిన్ పడలేదా, చెయ్యి ఇంకా నొప్పా, భయమా? నా ప్రశ్నలన్నీ వరుసగా నిలబడ్డాయి.

"సరే" అని వాడి వీపు మీది జిప్ విప్పాను.

పెద్దాయన కొంచెం జరిగి, బల్ల మీద వాడికి చోటిచ్చాడు.