స్కాట్లాండ్ వాళ్ళకు వాన చూపించిన వైనం

కరోనా తర్వాత వచ్చిన రెండో ఖరీఫ్ సీజన్‌లో, జూలై చివరి వారంలో, నాకు రెండు బాధ్యతలు ఒకే కాగితం మీద అప్పగించారు. అప్పటికి నేను మస్కట్‌లోని అజైబాలో ఒక టూర్ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. హోదా ఆపరేషన్స్ సూపర్‌వైజర్. హోటల్ గదులు, బస్సులు, భోజనాలు, టికెట్లు ఒకదానికొకటి అతికేట్టు చూడటం ఆ ఉద్యోగం. ఇప్పుడు కొత్తగా అప్పగించిన వాటిలో మొదటిది, స్కాట్లాండ్ నుంచి వస్తున్న ఏడుగురు పర్యాటకుల వెంట ఎనిమిది రోజులు టూర్ లీడర్‌గా ఉండటం. రెండోది, ఆ బృందానికి గైడ్‌గా వస్తున్న సలీం అనే శిక్షణార్థికి పరీక్షకుడిగా ఉండటం.

గైడ్‌కూ టూర్ లీడర్‌కూ తేడా చాలామందికి తెలియదు. కోట ఎవరు కట్టించారో చెప్పడం గైడ్ పని. కోటలోకి ఏడుగురు వెళితే ఏడుగురూ బయటికి వచ్చారా అని చూడటం టూర్ లీడర్ పని. చిన్న బృందానికి ఇద్దరెందుకు, రెండు పనులూ ఒక్కడే చేయవచ్చు కదా అని కంపెనీకి ఆలోచన వచ్చింది. ఆ ఒక్కడు ఒమానీ అయితే మరీ మంచిది. పరదేశులు చేస్తున్న ఉద్యోగాలను ఒక్కొక్కటిగా స్థానికులకు అప్పగించడాన్ని అక్కడ ఒమనైజేషన్ అంటారు. మా మేనేజర్ దాపరికం లేని మనిషి. సలీం స్వతంత్ర డ్యూటీకి తగినవాడని నేను రాస్తే బృందాల వెంట వెళ్ళే పనితోపాటు ఆఫీసులో నా పోస్టు కూడా అతనికే వెళుతుందనీ, అక్టోబరులో గడువు తీరే నా బతాకా, అంటే నివాస కార్డు, మళ్ళీ రెన్యూ కాదనీ చెప్పాడు. ఇంకా శిక్షణ అవసరమని రాస్తే నాకు మరో రెండేళ్ళు. నా నిజాయితీ మీద నమ్మకముంది కాబట్టే ఈ పని నాకిస్తున్నానని కూడా అన్నాడు. మేకనే పిలిచి కత్తి నూరమన్నట్టుంది.

నాకు ఆ రెండేళ్ళు కావాలి. దాచుకోవడం దేనికి, గట్టిగానే కావాలి. పొద్దున ఏడున్నరకు అజైబా ఆఫీసు తాళం తీయడం తప్ప నాకు వేరే దినచర్య తెలియదు. అది లేని పొద్దున ఎలా ఉంటుందో తలచుకుంటే భయం వేసేది.

పరీక్షకుడి ఫారంలో అయిదు గడులు ఉంటాయి. సమయపాలన, విషయజ్ఞానం, భాష, భద్రత, సమస్య వచ్చినప్పటి ప్రవర్తన. సిరాతో నింపాలి. కొట్టివేతలు ఉండకూడదు. ఉంటే పక్కన సంతకం పెట్టి కారణం రాయాలి. నేను మొదటి రోజే పెన్ను తీశాను.

సలీం ఊరు రుస్తాఖ్. ఇరవై ఆరేళ్ళవాడు. ఇంగ్లీషు బాగా వచ్చు, నాతో హిందీలో మాట్లాడేవాడు. కోటల గురించి అడిగితే రాయి రాయికీ కథ చెప్పగలడు. చిక్కల్లా పలకరింపులతోనే. ఒమానీలు ఎదురుపడితే సలాంతో సరిపెట్టరు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు అని అడిగాక, వార్తలేమిటని వంతులవారీగా అడుగుతారు. వార్తలేమీ లేవని ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. సలీం ఈ మర్యాదను కోట కావలివాడితోనూ, హల్వా దుకాణదారుతోనూ, దారి అడిగిన మనిషితోనూ పాటించాడు. కోటకు పేరుపడ్డ నిజ్వా ఊళ్ళో మేము నలభై నిమిషాలు వెనకబడ్డాం. సమయపాలన గడిలో 'తీవ్ర లోపం' అని సిరాతో రాశాను. చేతివ్రాత ఆ రోజు ముచ్చటగా కుదిరింది.

ఇక నా స్కాట్లాండ్ బృందం. ఏడుగురూ అరవై దాటినవాళ్ళే. వాళ్ళ తరఫున మాట్లాడేది మోరాగ్ గారు, భూగోళశాస్త్రం చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆమె పక్కన ఎప్పుడూ కనిపించే పెద్దాయన డూగల్, పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. జూలై ఎండలో నిజ్వా ఎలా కాలుతుందో నాకు తెలుసు కాబట్టి గొడుగులు, చల్లని తువాళ్ళు, అడుగడుగునా నీడ ఏర్పాటు చేశాను. వాళ్ళు గొడుగులు బస్సులోనే వదిలేసి, హోటల్ కుర్చీలను నీడలోంచి ఎండలోకి లాక్కుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పాపం, మర్యాదకొద్దీ సర్దుకుపోతున్నారనుకున్నాను. అసలు పండుగ సలాలాలో ఉంది కదా అని వాళ్ళకు ధైర్యం చెప్పాను కూడా.

ఆ సలాలా భాగం నా సొంత రచన. గల్ఫ్ అంతా మాడిపోయే కాలంలో, ఒమాన్ దక్షిణాన ఉన్న ఆ ఊరి కొండల మీద మూడు నెలలు సన్నటి తుంపర పడుతుంది. మంచు కమ్ముతుంది. కొండలన్నీ పచ్చబడతాయి. దాన్నే ఖరీఫ్ అంటారు. అది చూడటానికి జనం వెయ్యి కిలోమీటర్లు కార్లలో వస్తారు. 'ఎడారిలో అద్భుతం: చినుకు, మంచు, పచ్చిక' అని ఐటినరరీలో, అంటే ప్రయాణ ప్రణాళికలో, నేనే రాశాను. ఎనిమిది రోజుల్లో అయిదు దానికే ఇచ్చాను. ప్రొద్దుటూరులో పుట్టి మస్కట్‌లో ఉద్యోగం చేసినవాడు వాన గురించి రాస్తే అలాగే ఉంటుంది. చదివేవాళ్ళు ఎక్కడివాళ్ళో ఆలోచించాలని నాకు తట్టనే లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బస్సు సలాలా పైనున్న ఇత్తిన్ కొండ ఎక్కింది. అద్దం మీద మొదటి తుంపర పడగానే మా డ్రైవర్ రాజన్న ముఖం వెలిగిపోయింది. జగిత్యాల పక్కనుంచి కూలీగా వచ్చి హెవీ లైసెన్సు సంపాదించినవాడు. "సార్, జెర ఏసీ బంద్ జెయ్యనా? అద్దాలు దించుకుందం. గీ చల్లగాలి కోసమే ఏడాదంత ఎదురుజూస్త" అన్నాడు. సరేనన్నాను. మైకు అందుకుని, సీజన్‌లో మనుషులు చాలక నేను బస్సెక్కినప్పుడల్లా పదేళ్ళుగా చెబుతున్న నా ప్రసంగం చెప్పాను. చివర్లో మామూలుగా చప్పట్లు కొడతారు.

ఎవరూ కొట్టలేదు. ఏడుగురూ కిటికీల్లోంచి బూడిదరంగు ఆకాశాన్ని, తడి గడ్డిని, దాని మీద మేస్తున్న ఆవులను చూస్తున్నారు. కొంతసేపటికి మోరాగ్ గారు చాలా సౌమ్యంగా అడిగింది.

"మిస్టర్ సుబ్బయ్యా, ఇది ఎప్పుడు ఆగుతుంది?"

"సెప్టెంబరు దాకా ఆగదు మేడమ్" అన్నాను, సగర్వంగా.

డూగల్ తన సంచి తెరిచి రెయిన్‌కోటు తీసి తొడుక్కున్నాడు. వాళ్ళ ఊళ్ళో ముప్ఫై అయిదేళ్ళు సరిగ్గా ఇలాంటి గాలిలోనే ఉత్తరాలు పంచాననీ, ఆవులు కూడా దాదాపు ఇవేననీ చెప్పాడు. తల్లి పుట్టిల్లు మేనమామకు ఎరుకే అంటారు. ఆ మేనమామను విమానం ఎక్కించి తెప్పించి మరీ నేను వర్ణించానని అప్పుడు అర్థమైంది.

మోరాగ్ గారు గొంతు పెంచలేదు. తమను నిజ్వా ఎండకు తిరిగి తీసుకువెళ్ళమని కోరింది, కుదరకపోతే ఎడిన్‌బరోలోని తమ ఏజెంటుకు రాయవలసి వస్తుందని చెప్పింది. కుదరదు. సీజన్ కాబట్టి విమానాలు నిండిపోయాయి, హోటళ్ళు బుకింగ్ రద్దు చేయవు. శీతాకాలమంతా మాకు బృందాలను పంపేది ఆ ఏజెంటే. ఫిర్యాదు వెళితే కంపెనీలో ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఐటినరరీ కింద రాసినవాడి పేరు ఉండదు. ఫిర్యాదు వస్తే అది గైడ్ ఫారంలో అయిదో గడిలో పడుతుంది.

ఆ మాట నాకు వెంటనే తట్టింది. తట్టినప్పుడు సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి హాయిగా అనిపించింది. నేను చేయవలసిందల్లా ఏమీ చేయకపోవడమే. మైకు దాని చోట పెట్టేసి, కూర్చుని, కిటికీలోంచి నా అద్భుతాన్ని చూస్తూ ఉండిపోయాను.

సలీం నన్ను సలహా అడగలేదు. రాజన్నతో బస్సు పక్కకు ఆపించి, రోడ్డు పక్కన పచ్చిక మీద చాపలు పరుచుకుని కూర్చున్న ఒక కుటుంబం దగ్గరికి నడిచి వెళ్ళాడు. మగవాళ్ళకు ఒక చాప, ఆడవాళ్ళకు ఒక చాప. గొడుగు ఒక్కటీ లేదు. మగవాళ్ళ తెల్లటి పొడుగు అంగీలు, దిష్‌దాషాలు, ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి, పిల్లలు నోళ్ళు తెరిచి తుంపర తాగుతున్నారు. సలీం ఆ ఇంటి పెద్దాయనకు సలాం చెప్పాడు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు, వార్తలేమిటి. నేను గడియారం చూశాను. ఈసారి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో ఆ పెద్దాయనకు ఎక్కడో ఉత్తరాన అల్ సువైక్‌లో ఖర్జూరపు తోటలున్నాయనీ, ఈ తుంపరలో కూర్చోవడానికి కుటుంబాన్నంతా తీసుకుని పన్నెండు గంటలు కారు నడిపాడనీ సలీం రాబట్టాడు. అప్పుడు వెనక్కి తిరిగి, మా ఏడుగురినీ దిగి రమ్మన్నాడు.

దిగారు. మోరాగ్ గారూ మిగిలిన ఆడవాళ్ళూ ఒక చాప మీద, డూగల్ తదితరులు మరో చాప మీద కూర్చున్నారు. హల్వా వచ్చింది, కాఫీ వచ్చింది. పెద్దాయన మర్యాదగా, మీ దేశం ఎలా ఉంటుందని అడిగాడు. సలీం అనువదించాడు. మోరాగ్ గారు చెయ్యెత్తి ఆ కొండనూ మబ్బునూ చూపించి, ఇలాగే ఉంటుందంది. ఏడాదికి ఎన్ని రోజులని ఆయన అడిగాడు.

ఆమె నిజంగానే కాసేపు లెక్క వేసుకుంది. "ఎండ కాసే రెండు వారాలు తీసేస్తే, మిగతా ఏడాదంతా."

సలీం చెప్పింది విని పెద్దాయన కాఫీ గిన్నె కింద పెట్టాడు. సరిగా అనువదించావా అని మళ్ళీ అడిగాడు. తర్వాత "మాషా అల్లా" అని, దూరంగా ఆడుకుంటున్న మనవలను పిలిచి, ఏడాది పొడుగునా ఖరీఫ్‌లోనే ఉండే మనుషులు వీళ్ళేనని చూపించాడు. పిల్లలు వాళ్ళను చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆయన చివరిగా ఒక ప్రశ్న వేశాడు. "అలాంటి చోటు వదిలి మా ఎండలోకి ఎందుకొచ్చారమ్మా?"

డూగల్ మెల్లగా రెయిన్‌కోటు విప్పి మడిచి పక్కన పెట్టాడు. ఆ మీదట వాళ్ళు వానకు యజమానుల్లా మాట్లాడారు. దీన్ని వాన అనరనీ, ఇది తడిసిన గాలి మాత్రమేననీ మోరాగ్ గారు వివరించింది. మరి బట్టలు ఎలా ఆరుతాయని అవతలి ఆడవాళ్ళు అడిగారు. ఆరవని ఆమె చెబితే చాపంతా నవ్వింది.

కాఫీ పోస్తున్నది ఆ ఇంట్లో పనిచేసే రమణమ్మ. కడప జిల్లా మనిషని మాట వినగానే తెలిసిపోయింది. ఒమానీ కాఫీ చిన్న గిన్నెల్లో పోస్తారు. చాలు అనాలంటే గిన్నెను అటూ ఇటూ ఊపాలి, ఊపేదాకా పోస్తూనే ఉంటారు. ఆమె ఫ్లాస్కు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సార్, ఆ తాత పదకొండు గిన్నెలు తాగినాడు. ఊపమని చెప్పండి, ఫ్లాస్కు అయిపోతాంది." చెప్పాను. డూగల్ అమాయకంగా, వద్దంటే నొచ్చుకుంటారేమోనని తాగుతున్నానన్నాడు. రమణమ్మ వెళ్ళబోతూ, తడిసిన కొంగు పిండుకుంటూ, "మన పక్కన వానొస్తే మనమూ ఇట్లనే గదా సార్ నిలబడి తడిసేది" అంది. అవును. ఆ సంగతి ఐటినరరీలో రాయడం మాత్రం నేను మరిచిపోయాను.

మిగిలిన నాలుగు రోజులూ చాప కనిపించిన చోటల్లా బస్సు ఆపమన్నారు. జలపాతాలకు ఆలస్యమైంది, సముద్రతీరానికి ఆలస్యమైంది. మూడు చోట్ల భోజనాలు చల్లారిపోయాయి. ఏజెంటుకు మోరాగ్ గారు నిజంగానే రాసింది. డెబ్బై ఏళ్ళలో తమ వాతావరణాన్ని చూసి అసూయపడిన మనుషులను మొదటిసారి కలిశామనీ, వచ్చే ఏడాది తన అక్కను పంపుతున్నాననీ.

చివరి రోజు సలాలా విమానాశ్రయంలో కూర్చుని ఫారం తెరిచాను. సలీం పక్కనే ఉన్నాడు. ఆ చాపల దగ్గర ఆపాలని ఎలా తోచిందని అడిగాను.

"సాబ్, వాన మీరు చూపించారు. అది వాళ్ళింట్లో ఉంది. వానకు మురిసేవాళ్ళు వాళ్ళింట్లో లేరు."

అంతే చెప్పి, సామాను ట్రాలీ తోస్తున్న మనిషిని వార్తలేమిటని అడగడానికి వెళ్ళాడు.

విషయజ్ఞానం, భాష, భద్రత గడులు నింపాను. అయిదో గడిలో జరిగింది జరిగినట్టు రాసి, ఐటినరరీలోని తప్పు పరీక్షకుడిదని చేర్చాను. పైన మొదటి గడిలో 'తీవ్ర లోపం' ముత్యాల్లాంటి అక్షరాల్లో నన్ను చూస్తోంది. దాన్ని కొట్టివేసి, పక్కన సంతకం పెట్టాను. కారణం రాయమన్న చోట, అభ్యర్థి ఆలస్యం చేసిన సమయమంతా డ్యూటీలోనే గడిపాడని రాశాను. కింద 'స్వతంత్ర డ్యూటీకి తగినవాడు' అన్న మాట చుట్టూ గీత గీశాను. మస్కట్ చేరాక దాన్ని ఆఫీసులో ఇచ్చాను. మేనేజర్ ఫారం రెండుసార్లు చదివి, దీని అర్థం నీకు తెలుసు కదా అని అడిగాడు. ఇరవై రెండేళ్ళలో నేను నింపిన ఫారాల్లో అర్థం తెలిసి నింపింది అదొక్కటేనన్నాను. అక్టోబరులో బతాకా గడువు తీరింది. ఆఫీసు తాళంచెవి సలీం చేతిలో పెట్టి ప్రొద్దుటూరు వచ్చేశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగినవి రెండు. మనకు అపురూపమైనది వచ్చినవాళ్ళకు వాళ్ళ పెరట్లోనే ఉండవచ్చు, అందుకని ఐటినరరీ రాసే ముందు వాళ్ళు ఎక్కడివాళ్ళో కనుక్కోవాలి. ఇక, ఎవరినైనా పరీక్షించమని ఫారం ఇస్తే, నియమం ఏం చెప్పినా సరే, మొదటి రోజు పెన్సిలుతో రాయాలి.