గోడ అవతలి చేప

నా చిన్నప్పుడు, సౌదీలో మేముండే జుబైల్‌కి యుద్ధం రాకముందు, నాకు తెలిసిన ఒకే ఒక్క శత్రువు పీత. ఎర మొత్తం తినేసి, గాలం మనకే వదిలేసి, కనీసం ముఖం కూడా చూపించకుండా వెళ్ళిపోయేది. ఆ తర్వాత వచ్చిన శత్రువుల గురించి టీవీలో రోజంతా చెప్పారు గానీ, పీత మీద వచ్చినంత కోపం నాకు వాళ్ళ మీద ఎప్పుడూ రాలేదు.

అప్పుడు నాకు పదేళ్ళు. మా నాన్న పెట్రోకెమికల్ ప్లాంటులో ఆపరేటరు, మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. పాత ఊళ్ళో ఒక ఇంటాయన తన ఫ్లాటుకి మధ్యలో గోడ కట్టి రెండు ముక్కలు చేసి అద్దెకిచ్చాడు. పెద్ద ముక్క మాది. చిన్న ముక్క, అంటే ఒక గదీ ఒక స్టవ్వూ, మా బాబాయిది. బాబాయి అంటే చుట్టమేమీ కాదు. ఉప్పాడ దగ్గర చేపలు పట్టేవాళ్ళింట్లో పుట్టి, పైపు ఫిట్టరుగా సౌదీ వచ్చాడు. అక్కడ తెలుగు మాట్లాడే మనిషి కనిపిస్తే వారంలో బాబాయి అయిపోతాడు, నెల తిరిగేసరికి మన ఇంట్లో పచ్చడి జాడీ ఎక్కడుందో ఆయనకే ముందు తెలుస్తుంది.

బాబాయికి ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో ఆయన స్వయంగా చేసుకున్న దొంగ ఎరలు ఉండేవి. టీ చెంచా కాడ కోసేసి, గుంటకి అటో బెజ్జం ఇటో బెజ్జం వేసి, ఒక పక్క గాలం, ఇంకో పక్క తంగూసు, అదే నైలాను దారం, కట్టేవాడు. నీళ్ళలో పడితే అది అచ్చం గాయపడ్డ చిన్న చేపలా తడబడుతూ మెరిసేది. వంజరానికి అదే కావాలట. అక్కడి చేపల్లో హామూర్‌కి మాత్రం పావురం ఈకలు, ఎర్ర ఊలు దారం కట్టిన సీసం గుండు. షేరీకి పాలపొడి డబ్బా మూత కింద ఉండే రేకు, సన్నటి పీలికలుగా. సాఫీ ఒక్కటే మర్యాద తెలిసిన చేప, దానికి మైదాపిండి ముద్ద చాలు. ఆయన పనిచేసే కంపెనీ క్యాంటీన్లో చెంచాలు తగ్గిపోతున్నాయని ఒకసారి నోటీసు పెట్టారట. అందరూ చేత్తోనే తింటారు కదా, చెంచాలతో వీళ్ళకేం పనని బాబాయి నిజంగానే ఆశ్చర్యపోయాడు.

శుక్రవారం పొద్దున్నే ముగ్గురం రేవు గట్టుకి వెళ్ళేవాళ్ళం. నాన్న కారు నీడలో పేపరు ముఖం మీద వేసుకుని చదివేవాడు, అంటే నిద్రపోయేవాడు. బాబాయికి చేపలు పడేవి. నాకు పీతలు కూడా పడేవి కావు. నా గొడవ ఒక్కటే, ఆగలేను. ఎర నీళ్ళలో పడీ పడగానే లాగేసేదాన్ని. నా చెంచా సముద్రంలో రైలు అందుకోవడానికి పరిగెడుతున్నట్టు ఉండేది.

"అలా కాదే బుల్లెమ్మా," అనేవాడు బాబాయి. "లాగినంతసేపూ సేప సూస్తాది. ఆపినప్పుడు కొడతాది. మూరెడు లాగు. ఒగ్గెయ్. పడనీ."

"ఎంతసేపు పడనివ్వాలి?"

"నీకు ఇసుగొచ్చే దాకా. ఆ మీద ఇంకొంచెం."

ఇంకో మాట కూడా ప్రతిసారీ చెప్పేవాడు. తంగూసు వేలికి చుట్టుకోకూడదు. చూపుడువేలి మీద ఊరికే ఆనించుకోవాలి. చుట్టుకుంటే పెద్ద చేప వేలు కోసేస్తుంది, ఆనించుకుంటే నీళ్ళ అడుగున ఏం జరుగుతోందో వేలికి తెలుస్తుంది. ఆయన ఎడమ చూపుడువేలి మీద తెల్లటి గీత ఒకటి ఉండేది, చిన్నప్పుడు చుట్టుకున్నాడన్నమాట.

అలా ఉండగా యుద్ధం మొదలైంది. బడి మూసేశారు, ఆ ఒక్క విషయంలో నాకు యుద్ధంతో పేచీ లేదు. కానీ రేవు వైపు కూడా వెళ్ళనివ్వలేదు. విషవాయువు బాంబులు పడొచ్చని ప్రతి ఇంట్లో ఒక గది కిటికీలకి టేపులు అంటించి, సందులన్నీ మూసి, సైరన్ మోగితే ఆ గదిలో దూరి, తలుపు కింద తడి తువ్వాలు పెట్టుకుని కూర్చోమన్నారు. గ్యాస్ మాస్కులు నాన్న కంపెనీ ఇచ్చింది గానీ అన్నీ పెద్దవాళ్ళ కొలతలే. నాది పెట్టుకుంటే నేను అందులో అద్దెకున్నట్టు ఉండేది. అమ్మకి సెలవులన్నీ రద్దు. ఇల్లంతా ఎవరో ఇప్పుడే వచ్చేస్తారన్నట్టు ఉండేది, ఎవరూ వచ్చేవారు కాదు. నేను వంటింటి నుంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి రోజుకి వందసార్లు తిరిగేదాన్ని. ఒకరోజు అమ్మ నన్ను చూసి, "కాళ్ళకి కాదే, ఆ నేలకి నొప్పి పుడుతుంది," అంది.

మొదటిసారి పగటిపూట సైరన్ మోగినప్పుడు నేను ఇంట్లో ఒంటరిగా ఉన్నాను. గదిలో కూర్చోవాలని తెలుసు. కానీ టేపులు వేసిన గదిలో ఒక్కదాన్నీ కూర్చుంటే గోడలు దగ్గరికొస్తున్నట్టు అనిపించింది. తలుపు తీసి, నాన్న హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, ఆసుపత్రికి వెళ్ళి అమ్మని పట్టుకొచ్చేద్దామని మెట్లు దిగి పరిగెత్తాను. హెల్మెట్ కళ్ళ మీదికి జారి, కింద గేటుకి ఢీకొన్నాను. ఆ చప్పుడికి బాబాయి వచ్చి నన్ను ఎత్తుకుని పైకి తెచ్చాడు. యుద్ధంలో నాకు తగిలిన గాయం అదొక్కటే. ఇప్పటికీ నుదుటి మీద చిన్న మచ్చ ఉంది, చేసింది మాత్రం గేటు.

ఆ సాయంత్రం నాన్న అరవలేదు. అరిస్తే బాగుండేది. కింది అంతస్తులో ఉండే కుటుంబం ఆదివారం కారులో జెద్దా వెళ్ళి, అక్కణ్ణించి విమానంలో ఇండియా వెళ్తోందని, కారులో ఒక సీటు ఖాళీ ఉందని నెమ్మదిగా చెప్పాడు. నన్ను పంపిస్తే అమ్మమ్మ దగ్గర ఉంటానట. అమ్మా నాన్నా మాత్రం రాలేరు. ఇద్దరి పాస్‌పోర్టులూ కఫీళ్ళ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న యజమానుల దగ్గరున్నాయి, ఇద్దరికీ డ్యూటీలున్నాయి. నాకు మాత్రం కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయట. నా జీవితంలో నా కాగితాలు అంత సిద్ధంగా ఉండటం అదే మొదలు, అదే చివర.

నేను ఏడ్చాను. నేను వెళ్ళిపోయాక ఇక్కడ అమ్మకి ఏదైనా అయితే నాకు ఎవరు చెప్తారని అడిగాను. నాన్న చివరికి అన్నాడు, "వచ్చే సైరన్‌కి నువ్వు ఆ గదిలో కదలకుండా కూర్చో. అప్పుడు చూద్దాం. మళ్ళీ పరిగెత్తావా, ఆ సీటు నీదే." ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

అది విన్న బాబాయి తెల్లారి తన డ్రిల్లు తెచ్చుకున్నాడు. పని ఆగిపోయి ఆయన కూడా ఇంట్లోనే ఉంటున్నాడు, నన్ను చూసుకోమని అమ్మ ఆయనకే అప్పజెప్పేది. కానీ ఆడపిల్ల ఒక్కతే ఉన్న ఇంట్లో తలుపులేసుకుని పరాయి మగాడు కూర్చోవడం అమ్మకీ పనికిరాదు, ఆ ఊరికీ పనికిరాదు. అందుకని ఎవరి గదిలో వాళ్ళమే. మా గదికీ ఆయన గదికీ మధ్య ఆ ఇంటాయన కట్టిన గోడే ఉంది, టీవీ వైరు కోసం అందులో ఒక కన్నం ఉంది. బాబాయి దాన్ని కొంచెం పెద్దది చేసి, వైరు పక్క నుంచి తంగూసు దూర్చి, చుట్టూ పుట్టీ మెత్తాడు. తంగూసు కదులుతుంది, గాలి మాత్రం దూరదట. ఆయన పుట్టీ మీద ఆయనకున్న నమ్మకం ఏ దేశ సైన్యానికీ తన మీద తనకి ఉండదు.

"ఇటు కొస నీది, అటు కొస నాది," అన్నాడు. "సైరన్ మోగితే నేను సేపని. ఏ సేపో నువ్వు సెప్పాలి. సుట్టుకోకు, ఏలు మీద ఎట్టుకో."

సైరన్ కోసం ఆగలేదు, ఆ రోజు నుంచే ఆట మొదలైంది. కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. చిన్నచిన్న కొరుకుళ్ళు, ఎలుక చపాతీ తింటున్నట్టు ఉంటే సాఫీ. ఠక్‌ఠక్‌మని రెండు దెబ్బలు కొట్టి, నింపాదిగా నడుచుకుంటూ పోతే షేరీ. ఒక్క గుంజుడు గుంజి రాతి కన్నంలోకి దూరిపోతే హామూర్. ఏమీ చేయకుండా ఊరికే బరువుగా వేలాడితే పీత. బాబాయి పీతని ఎంత బాగా చేసేవాడంటే నాకు నిజంగా కోపం వచ్చేది. మొదటి రోజు అన్నీ తప్పే చెప్పాను. మూడో రోజుకి పదికి ఎనిమిది కరెక్టు. మూడు రోజుల్లో నేను గంటల తరబడి కూర్చున్నానన్న సంగతి నాకు తెలియనే లేదు.

శనివారం మధ్యాహ్నం భోజనం చేస్తుండగా సైరన్ మోగింది. పప్పు కలిపిన చేత్తోనే గదిలోకి వెళ్ళి, తలుపేసి, తువ్వాలు నొక్కి, తంగూసు వేలి మీద పెట్టుకున్నాను. రెండు దెబ్బలు, నడక. "షేరీ!" అని అరిచాను. "బేష్," అంది గోడ. కొరుకుడు. "సాఫీ!" గోడ బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను.

అంతలో ఎక్కడో దూరంగా పెద్ద చప్పుడైంది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. తర్వాత తంగూసు నా వేలి మీద నుంచి నెమ్మదిగా గోడ అవతలికి జారడం మొదలైంది. మూరెడు, ఇంకో మూరెడు. షేరీ నడకే అనుకున్నాను, కానీ ముందు రెండు దెబ్బలు లేవు. నాలుగైదు మూరలు పోయి ఆగింది. ఆగాక సన్నగా వణకడం మొదలుపెట్టింది. దెబ్బలు కావు, కొరుకుడు కాదు. మొదట ఫ్రిజ్ మోటారు అనుకున్నాను. కానీ ఫ్రిజ్ వంటింట్లో ఉంది, కరెంటు పోయి అప్పటికే అరగంట.

"బాబాయ్, ఇదేం చేప?"

జవాబు రాలేదు. చాలాసేపటికి వచ్చింది, గోడ పక్క నుంచి కాదు, ఎక్కడో దూరం నుంచి. "సెప్పు... సెప్పు సూద్దాం."

అప్పుడు నా వేలికి తెలిసింది. నాకు ఇంకా తెలియలేదు, వేలికి తెలిసింది. అది చేప కాదు, మా బాబాయి. భయపడుతున్నాడు. పెద్దవాళ్ళకి కూడా అలాంటి భయం వేస్తుందని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు, అదేదో పదేళ్ళ వాళ్ళకే ప్రత్యేకంగా కేటాయించిందనుకున్నాను.

గబగబా లాగెయ్యాలనిపించింది. చెయ్యి వచ్చింది కూడా. కానీ తెగిపోతే? అందుకని మూరెడు లాగాను. ఆగాను. పడనిచ్చాను. అవతల ఏమీ లేదు, ఆ వణుకు తప్ప. నాకు విసుగొచ్చింది. ఆ మీద ఇంకొంచెం ఆగాను. తంగూసు కొంచెం వదులైంది. మళ్ళీ మూరెడు. మళ్ళీ ఆగడం. నా జీవితంలో అంత నెమ్మదిగా నేను చేసిన పని ఇంకోటి లేదు, అన్నం తినడంతో సహా. నాలుగో మూరకి గోడకి ఏదో ఆనిన చప్పుడైంది. బాబాయి వీపు.

కాసేపాగి, రెండు దెబ్బలు కొట్టి, తంగూసు నెమ్మదిగా నా వైపుకి నడిపించాను.

"షేరీ," అన్నాడు, గొంతు సర్దుకుని.

తర్వాత ఏమీ చేయకుండా ఊరికే బరువుగా వేలాడదీశాను.

"హామూర్?"

"పీత!" అని అరిచాను. ఉప్పాడవాడు పీత దగ్గర ఓడిపోయాడని ఎంత సంబరపడ్డానో, ప్రమాదం తప్పిందని రెండో సైరన్ మోగినా వినిపించుకోలేదు.

సాయంత్రం నాన్న ప్లాంటు నుంచి నేరుగా బాబాయి గుమ్మంలోకి వెళ్ళి అడిగాడు, పిల్ల కూర్చుందా అని. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. అందరికీ వినపడేంత పెద్దగా చెప్పాడు బాబాయి.

"పిల్ల బాగానే కూకుందన్నా. కూకోలేంది నేను. తలుపు దాకా ఎల్లిపోయాను. టేపు కూడా సగం పీకేశాను, మెట్ల మీదికి ఉరుకుదారని. అది లాగింది, ఎనక్కొచ్చాను."

నాన్న సగం ఊడిన టేపు వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "ఇద్దర్నీ పంపేద్దామంటే అక్కడ ఒకటే సీటుందోయ్."

నేను వెళ్ళలేదు. ఆదివారం ఆ సీటులో వాళ్ళ వీసీఆర్ వెళ్ళింది, దుప్పటి కప్పుకుని, నాకంటే బుద్ధిగా.

యుద్ధం అయిపోయాక వెళ్ళి చూస్తే సముద్రం మీద నూనె తెట్టు ఉంది. రేవు గట్టు నల్లగా, జిగురుగా, నాన్న డ్యూటీ బట్టల వాసన వేస్తూ ఉండేది. బాబాయి ఒక శుక్రవారం బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు, మూత కూడా తీయలేదు. పీతలు సైతం గట్టు మీద కదలకుండా పడి ఉన్నాయి. వాటి మీద అన్నేళ్ళు కోపం దాచుకున్నదాన్ని, ఏం చెయ్యాలో తెలియక ఒకదాన్ని చెప్పుతో తడి ఇసుక వైపు జరిపాను. ఆ ఏడాదే ఆయనకి పడమటి తీరాన యాన్బులో పని దొరికింది. అక్కడ నీళ్ళు అద్దంలా ఉన్నాయని, తన ముఖం చూసి చేపలు పారిపోతున్నాయని ఫోన్‌లో చెప్పేవాడు. వెళ్ళేముందు నాకు ఒక చెంచా ఇచ్చాడు, గాలం ఊడదీసి. ఆ చెంచా కాడ కోసిన చోటు ఇప్పటికీ వేలికి గరుగ్గా తగులుతుంది.

కరోనా వచ్చినప్పుడు నన్ను పద్నాలుగు రోజులు ఇంట్లోనే ఒక గదిలో పెట్టారు. తలుపు అవతల మా అమ్మాయి. మొదటి రెండు రోజులు "నేను బాగానే ఉన్నానమ్మా" అని పెద్ద గొంతుతో చెప్పింది. భయం దాచుకునే ఆ గొంతు నాకు తెలుసు, ఒకప్పుడు గోడ అవతల నుంచి విన్నాను. మూడో రోజు తలుపు కింద నుంచి ఒక దారం జరిపాను. దీన్నేం చేయాలని అడిగింది. వేలికి చుట్టుకోకు, ఊరికే ఆనించుకో అన్నాను. మూరెడు లాగి ఆగాను. విసుగొచ్చింది. ఇంకొంచెం ఆగాను.

అవతలి నుంచి సన్నగా, ఏ చేపా కాని లాగుడు ఒకటి వచ్చింది.