చేతిలోది కూసిందా, గంపలోది కూసిందా

"ఏటే, పోతులు కూస్తన్నాయి. గంప తియ్యవా?" అన్నాడు మా ఆయన.

"ఉజ్జోగం దిగిపోయి ఎన్నేళ్ళయినాది మావా! తొంగో," అన్నాను నేను.

మా ఇద్దరికీ అవే ఆఖరి మాటలు. తొలకరి పడిన సాయంత్రం, వీధరుగు మీద మంచంలో పడుకుని, నవ్వుకుంటా అన్నాడు. తెల్లారేసరికి లేడు. ఏడవడానికి చెప్పటం లేదు, గౌరీ. గంపేటి, పోతులేటి అని చదివేవాళ్ళు అడుగుతారు కదా, అక్కణ్ణుంచే మొదలెడదామని చెప్తన్నాను. నువ్వు నా మనవరాలివి, కాలేజీ చదువుతన్నావు. నా మాటని పదిమందికీ తెలిసేలాగ సరిచేసి రాసుకో. కప్పని మాత్రం కప్ప అనే రాయి.

పంతొమ్మిదివందల అరవయ్యెనిమిది ఎండాకాలంలో, రాజాం అవతల ఒక మిషను ఆసుపత్రిలో లేబొరేటరీ ఆయాగా చేరేను. అక్కడ వరసేటంటే, అందరికీ పైన డాక్టరమ్మ, ఆవిడ కింద నర్సమ్మలు, లేబులో టెక్నీషియను దానియేలు గారు, ఆయన కింద నేను. నా కింద కప్పలు. నా పోస్టు టెంపరరీ. ఏడాది ఆఖరికి కమిటీ కూర్చుని పర్మినెంటు చేస్తాది, లేకపోతే ఇంటికి పొమ్మంటాది.

కప్పలెందుకంటావా? ఇప్పుడు మందుల షాపులో చిన్న పట్టీ కొనుక్కుని ఇంట్లోనే చూసుకుంటన్నారు కడుపు అవునో కాదో. అప్పుడు ఆ కబురు కప్ప చెప్పేది. దానియేలు గారు నాకు ఇలాగ విడమరిచేరు: కడుపు పడిన ఆడదాని ఒంట్లో ఒక కొత్త హార్మోను పుడతాది. హార్మోనంటే రక్తంలో తిరిగే కబురులాంటిది. అది మూత్రంలోకి కూడా దిగుతాది. తెల్లవారి మొదటి మూత్రం పట్టి, వడగట్టి, సూదితో పోతుకప్ప, అంటే మగకప్ప, వీపు తోలు కింద ఎక్కిస్తే, మూడు గంటల్లోపల ఆ కప్ప తన బీజాన్ని వదిలేస్తాది. సన్న గాజుగొట్టంతో కప్ప మూత్రం ఒక చుక్క పీల్చి మైక్రోస్కోపు కింద పెడితే, బీజాలు కనిపిస్తే కడుపు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కప్ప చావదు. వారం పది రోజులు విశ్రాంతి ఇచ్చి మళ్ళీ డ్యూటీకి వేస్తాం. మాకు ఆ సెలవు కూడా లేదు.

అయితే పోతు అవ్వాలి. పెంటికప్పకి ఎన్ని సూదులు పొడిచినా బీజం రాదు కదా. ఒళ్ళంతా పొక్కులుండే గోదురుకప్పలు ఇవి. చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి. పోల్చుకునే కిటుకు మా ఆయన నేర్పేడు. ముందుకాళ్ళ వెనకాల రెండు వేళ్ళతో పట్టుకుని నొక్కితే, పోతయితే 'కెక్ కెక్ కెక్' అని గోల పెడతాది. పెంటి నోరు మెదపదు. మా ఆయన దీనికీ ఒక మాట అనేవాడు, "మనుషుల్లో ఇది తిరగబడిపోనాదే" అని. ఇంకో గుర్తు, వానాకాలంలో పోతుకి బొటనవేలి దగ్గర నల్లగా గరుకుగా ఉంటాది. నేను కూతనే నమ్ముకునేదాన్ని. అక్షరం రానిదాన్ని, చెవి ఉన్నాది చాలనుకునేదాన్ని.

ఆ ఏడు తొలకరికి మా ఆయనా నేనూ పొలంగట్ల మీద గంపెడు కప్పల్ని పట్టేం. మర్నాడు వాటిని వేరుచేసి పోతుల తొట్టిలో, పెంటుల తొట్టిలో వెయ్యాలి. పద్ధతేటంటే, ఒక్కోదాన్ని గంప దగ్గర్నుంచి దూరంగా వరండాలోకి తీసుకెళ్ళి, అక్కడ నొక్కి వినాలి. ఆ సాయంత్రం మా ఊళ్ళో తప్పెటగుళ్ళ ఆట. మా ఆయన సైకిలు గేటు దగ్గర పెట్టి బెల్లు మీద బెల్లు కొడుతున్నాడు. నేను గంప పక్కనే కూర్చుని నొక్కడం, కూత వినపడితే పోతుల్లో పడెయ్యడం, అలాగ చకచకా కానిచ్చేసేను. ఆట బాగుంది.

నాలుగు రోజులు పోయేక పైడమ్మ వచ్చింది, చీపురుపల్లి వైపు రైతు కోడలు. పెళ్ళయి ఎనిమిదేళ్ళు, పిల్లల్లేరు. డాక్టరమ్మ ఆవిడకి అండం విడుదలవడానికని, అప్పుడే కొత్తగా వచ్చిన మాత్రలు కొన్ని నెలలబట్టి ఇస్తున్నారు. ముట్టు దాటి మూడు వారాలయింది. కానీ ఆవిడకి అలా దాటిపోవడం కొత్త కాదు. మాత్రలు పని చెయ్యటం లేదేమో, గర్భసంచి లోపలి పొర కొంచెం గీకి తీసి పరీక్షకి పంపుదామని డాక్టరమ్మ అనుకున్నారు. ఆ రోజు నాలుగు గంటలకి ఆపరేషను థియేటరు. ఆ పని చేసే ముందు కప్ప పరీక్ష తప్పనిసరి. కడుపుండగా గీకితే పిండం పోతాది కాబట్టి.

ఏడింటికి నేను కప్పని అందించేను, దానియేలు గారు సూది వేసేరు. పదిన్నరకి చూసి 'లేదు' అని చీటీ రాసేరు. పైడమ్మకి ఏమీ తినొద్దని చెప్పి, థియేటరు బట్టలు సిద్ధం చెయ్యమన్నారు.

పన్నెండింటికి ఆ కప్పని విశ్రాంతి తొట్టిలో వెయ్యడానికి తీసేను. పట్టు జారి కాస్త గట్టిగా నొక్కేసేను. కూయలేదు. అలిసిపోయిందేమోనని మళ్ళీ నొక్కేను. ఉహూ. బొటనవేలు తడిమేను. నున్నగా వెన్నలాగున్నాది. ఆ గంప పక్కన కూర్చుని విన్నప్పుడు కూసింది చేతిలోది కాదు, గంపలోది.

ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. తొట్టిలో వేసేసి చేతులు కడుక్కుంటే అడిగేవాడు లేడు. కమిటీ ఇంకా ముందున్నాది. అబద్ధమెందుకు, ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాను. లోపల్నుంచి పైడమ్మ ఆకలేస్తన్నాది అనటం, నర్సమ్మ సముదాయించటం వినపడింది. కప్ప చేతిలో ఉండగానే లేబులోకి పరిగెత్తేను.

"ఏటి సూరమ్మా, ఎవరో పోయినట్టు మొగం పెట్టేవు?" అన్నారు దానియేలు గారు.

"కప్ప కూయటం లేదు బాబూ."

"పొద్దున్నే సూది పొడిపించుకుని నువ్వయితే పాడతావేటి?"

"దాని వేలు సూడండి బాబూ."

చూసేరు. చూసి స్టూలు మీద కూర్చుండిపోయేరు. "దేవుడా, నేనూ సూడలేదు," అన్నారు. తప్పులో సగం ఆయన తన నెత్తిన వేసుకున్నారు. అది నేను మరిచిపోలేదు.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. పొద్దుటి మూత్రం మిగిలిందా అని అడిగేరు. కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్జులో సీసాలో ఉందన్నాం. మూడు కప్పల మీద చెయ్యండి, మూడున్నరకి జవాబు నా బల్ల మీద ఉండాలి అన్నారు. అప్పటిదాకా పైడమ్మని ముట్టుకోనన్నారు.

పోతుల తొట్టిలోంచి ఒక్కో కప్పనీ వరండాలోకి తెచ్చి నొక్కడం మొదలెట్టేను. అక్కడ పైడమ్మ అత్త, చుట్ట కాల్చుకుంటా కూర్చున్నాది.

"ఒసే, ఏటే ఆ కప్పని పీకుతన్నావు?"

"పాడిస్తన్నాను అప్పా."

"అది పాడితే నా కోడలికి కడుపొస్తాదేటి?"

"కడుపొస్తే ఇది సెప్తాది."

"ఎనిమిదేళ్ళబట్టి నాను కనిపెట్టలేంది, గోదురుకప్ప సెప్తాదా! దీని మొగం సూడు, మా ఆడపడుసు లాగున్నాది!"

మొదటిది కూయలేదు. వేలు చూస్తే పెంటి. అంటే పోతుల తొట్టిలో ఇంకెన్ని కలిపేనో! తర్వాతది నొక్కగానే గుక్కపట్టి అరిచింది. ముసలమ్మ చుట్ట జారవిడిచింది. వేలు నల్లగా ఉన్నాది. అలాంటివి మూడు ఏరి, దానియేలు గారికి ఒక్కోదాని వేలూ చూపించి, కూత వినిపించి, అప్పుడు అందించేను. సూది వెయ్యకముందు ఒక్కోదాని చుక్కా తీసి, బీజం లేదని కూడా చూసేరు.

మూడున్నర ఎప్పుడవుతుందా అని గడియారం చదవడం రాని నేను మూడుసార్లు టైము అడిగేను. దానియేలు గారు మొదటి చుక్క పెట్టేరు. రెండోది. మూడోది. తర్వాత లేచి, "నువ్వు సూడు," అన్నారు. నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టడం అదే మొదలు. ఒక కన్ను మూసి చూసేను. సన్నగా, దారప్పోగుల్లాగ, కుదురులేకుండా ఈదుతన్నాయి. నాకు చదువు రాదు గానీ, అది చదవగలిగేను.

డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూసేరు. థియేటరు రద్దు చేసేరు. పైడమ్మకి పెరుగన్నం పెట్టమన్నారు. ఆవిడ తింటన్నంతసేపూ అత్త ఎదురుగా కూర్చుని, "మూడూ సెప్పినాయా? మూడూ ఒకే మాటా?" అని అడుగుతూనే ఉన్నాది. మాఘమాసంలో ఆడపిల్ల పుట్టింది. ఆ ముసలమ్మ మాకు అరిసెలు తెచ్చింది. కప్పలకని విడిగా, మోదుగాకు డొప్పలో చెదపుట్ట ముక్క తెచ్చింది, పురుగులతో సహా. తొట్టి దగ్గర కూర్చుని స్వయంగా తినిపించింది.

నా సంగతా? తప్పు చేసినందుకు పర్మినెంటు ఆరునెలలు వెనక్కి వేసేరు. వచ్చి చెప్పినందుకు ఉద్యోగం ఉంచేరు. రెండూ సబబే. ఆ రోజు నుంచి ప్రతి కప్పనీ ఇద్దరు చూడాలి, కూతా వినాలి, వేలూ చూడాలి, పరీక్షకి ఒకటి కాదు రెండు వాడాలి అని రూలు పెట్టేరు. కొన్నేళ్ళకి గాజుపలక మీద చుక్క వేసి చూసే పరీక్ష వచ్చింది. తొట్లు ఖాళీ అయ్యేయి, నన్ను వార్డుకి మార్చేరు.

నేను నేర్చుకుందేటంటే, గుంపులో వినపడిన కూతని చేతిలోదానిదని అనుకోకూడదు. ఒక్కోదాన్నీ విడిగా వినాలి. గుర్తులు రెండున్నప్పుడు రెండూ చూడాలి. తప్పు తెలిసిన వెంటనే, చేతులు కడుక్కోకముందే చెప్పాలి. అంతే, ఇంకేటీ లేదు.

రాసేవా? ఏదీ, మొదట్నుంచీ ఓసారి చదివి వినిపించు. మెల్లిగా చదువు, నేను ఏటి చెప్పేనో నువ్వు ఏటి రాసేవో చూడాలి.