సంపూర్ణ పన్ను పీకించుకున్న రోజు

ఏన్కూరు హాస్టల్లో ఆడపిల్లలకు వండిపెట్టే సంపూర్ణకు ఎవరన్నా లెక్కలేదు, ఆఖరికి వార్డెనన్నా. అబద్ధమంటే మాత్రం హడల్. అలాంటి మనిషి ఖమ్మంలో పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చుని, నిక్షేపంలాంటి అబద్ధం ఒకటి ఆడేసింది.

"గుండె జబ్బు గిట్ల ఏమన్న ఉన్నదా అమ్మా?" అని అడిగింది డాక్టర్ ఉషారాణి.

"లేదు మేడం."

ఆమె దృష్టిలో అది అబద్ధం కాదు మరి! మూడేళ్ళ కిందట పుచ్చిన పన్నును లవంగాలతో నెలల తరబడి నెట్టుకొస్తే, అందులోని క్రిములు నెత్తురులో పడి గుండె కవాటాన్ని పట్టుకున్నాయి. ఆరు వారాలు ఆసుపత్రిలో సూదులే సూదులు. బతికి బయటపడ్డాక చర్చిలో మైకు పట్టుకుని, "ప్రభువు నన్ను ముట్టిండు, నా గుండెల జబ్బు లేదు" అని సాక్ష్యం చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. దేవుడి ముందు లేదన్న జబ్బును డాక్టరు ముందు ఉందంటే, ఆ సాక్ష్యం వెనక్కి తీసుకున్నట్టు కాదూ? అదీ ఆమె బాధ. ఏం చెప్తాం!

డాక్టరు మత్తు సూది చేతిలోకి తీసుకుంది. ఎందుకో ఆగి, "ఎన్నడన్న దవాఖానల అడ్మిట్ అయినవా?" అంది.

దీనికి లేదంటే పచ్చి అబద్ధమే.

"అవ్ మేడం. గుండెలకు క్రిములు పోయినయన్నరు. ఆరు వారాలు సూదులిచ్చిండ్రు. గానీ దేవుడు నయం చేసిండు."

డాక్టరు సూదిని ట్రేలో పెట్టేసింది. "ఎంత పని చేస్తుంటివమ్మా! నయమైంది నిజమే. పుండు మానినా మచ్చ ఉంటది గదా? పన్ను పీకితే నోట్లె క్రిములు నెత్తుర్ల కలుస్తయ్. మళ్ల ఆ మచ్చ మీదనే కూసుంటయ్. ముందుగాల మందు పడాలె."

ఏ మందన్నా పడదా అని అడిగి, నాలుగు గోలీలు ఒక్కసారే మింగించి, గంటసేపు బయట కూర్చోమంది.

బల్ల మీద కూర్చున్నాక సంపూర్ణకు ఏడుపు ఆగలేదు. దేవుడి పేరు నిలబెడదామని, ఆయన నిలబెట్టిన ప్రాణాన్నే పోగొట్టుకోబోయింది. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

గంటయ్యాక లోపలికి పిలిచారు. కుర్చీ ఎక్కి, డాక్టరు చేతిలో తన జబ్బుల వివరాలు రాసే చీటీ వైపు వేలు చూపింది.

"పెద్దక్షరాలతోటి రాయి మేడం. గుండెకు జబ్బు చేసింది. దేవుడు బతికిచ్చిండు. రెండూ రాయి."

అప్పుడు నోరు తెరిచింది.