బాయిలర్ గదిలో టిక్‌టిక్

1993 చెరకు సీజన్‌లో నేను నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ల కంపెనీకి సర్వీస్ ఇంజనీరును. బోధన్, కోటగిరి వైపు ఊళ్లన్నీ నావే. ఆ చలికాలం కోటగిరి దారిలోని ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. బాయిలర్ గదిలోని కంప్యూటర్ చప్పుడు చేస్తోందట.

హార్డ్ డిస్కు జబ్బును అప్పట్లో ముందు చెవితో పట్టేవాళ్లం. సన్నటి కూత వస్తే బేరింగులు అరిగినట్టు. గీరినట్టు వినిపిస్తే, చదివే హెడ్ లోపలి పళ్లేన్ని తాకుతున్నట్టు. వెంటనే కరెంటు తీసేయాలి. ఒకే లయలో టిక్, టిక్‌మంటే, కావలసిన చోటు దొరకక హెడ్ వెనక్కి పోయి మళ్లీ మళ్లీ వెతుకుతున్నట్టు.

బాయిలర్ హోరులో ఏమీ వినబడలేదు. స్క్రూడ్రైవర్ కొన డిస్కుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాను. టిక్, టిక్. తల ఎత్తి తెర చూశాను. బాయిలర్‌లో నీళ్లు సగానికి పైనే ఉన్నట్టు చూపిస్తోంది. కానీ మూలన గడియారం కదలడం లేదు. నా చేతి గడియారం కన్నా చాలా వెనకబడి ఉంది.

నీటిమట్టం చూపే ప్రోగ్రాం డిస్కు జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోయింది. తెర మీదున్నది ఎప్పటిదో పాత అంకె. దాన్ని బట్టే నీళ్ల పంపు నడిచేది.

"యాదగిరన్నా, పైకి పోయి గాజు గొట్టంల నీళ్లు సూడు" అన్నాను బాయిలర్ అటెండెంటుతో.

"సగం మీదికే ఉన్నయని సూపిస్తుంది గద సార్."

"గా అంకె పాతదన్నా. జల్ది పో!"

అతను ఇనుప మెట్లెక్కాడు. నీళ్లు తగ్గితే మోగే హారన్ ఉండేది. కంప్యూటర్ వచ్చాక, ఊరికే మోగుతోందని దాని తీగ విప్పేశారు.

పైనుంచి కేక వినబడింది. "సార్, సుక్క లేదు!"

ఒకతను పంపు స్విచ్ వైపు ఉరికాడు. షిఫ్ట్ ఇంజనీరు అతని చెయ్యి పట్టి గుంజాడు. ఎర్రగా కాలిన గొట్టాల మీద చల్లనీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలుతుంది. "పంపు ముట్టకుండ్రి! పొయ్యిలకు చెరకు పిప్పి ఆపుండ్రి! అందరు బైటికి!"

చెరకు బండ్ల దాకా పరుగెత్తి వెనక్కి చూస్తే యాదగిరి లేడు. అతన్ని పైకి పంపింది నేనే. లోపల ఇనుము పెళపెళలాడుతోంది.

చివరికి వచ్చాడు. పంపు దానంతటదే మొదలవుతుందేమోనని నీటి వాల్వు చేత్తో తిప్పి మూశాడట. అరచేతులు బొబ్బలెక్కాయి. బండి చక్రానికి ఆనుకుని కూర్చుని, "నీళ్లియ్యుండ్రి" అని మాత్రం అన్నాడు.

బాయిలర్ చల్లారాక తెరిచి చూస్తే గొట్టాలు వంగి ఉన్నాయి. చెరకు క్రషింగ్ ఆగింది, మనుషులు మిగిలారు. హారన్ తీగ ఆ రోజే కలిపారు.

పూర్తిగా చచ్చిన డిస్కును ఎవరూ నమ్మరు. తడబడుతూ నడిచే డిస్కుతోనే ప్రమాదం. ఆ తర్వాత ఏ కంప్యూటర్ విప్పబోయినా, ఇది తప్పు చూపిస్తే ఎవరికి దెబ్బ తగులుతుందని ముందు అడిగేవాణ్ణి. జవాబు తెలిశాకే స్క్రూడ్రైవర్ తీసేవాణ్ణి.